సంతకం వెంట వచ్చిన మనిషి

గత నెలలో ఒక గురువారం పొద్దున, మా టింబర్ డిపోలో లారీ నుంచి దూలాలు దింపిస్తుంటే యూసుఫ్ ఫోన్ చేశాడు. మామూలుగా అయితే "అన్నా, ఖైరియతేనా?" అని మొదలుపెట్టి పది కబుర్లు చెప్తాడు. ఆ రోజు నేరుగా "అన్నా, సార్ గుజర్ గయే" అన్నాడు. సారు పోయారన్నమాట. ఎలా జరిగిందో కూడా అతనే చెప్పాడు.

"పొద్దుగాల చాయ్ తాగిండు. పేపర్ తెమ్మన్నడు. నేను గేటు దాక పోయి వచ్చేసరికి కుర్చీలనే ఒరిగిపోయిండు. పేపర్ ఇంక నా చేతులనే ఉన్నదన్నా."

మేం ప్లీడర్ సారు అని పిలుచుకున్న మనిషి అలా వెళ్లిపోయారు. తొంభై దాటిన వయసు. మంచం పట్టకుండా పోయారు, అదృష్టవంతులని వచ్చినవాళ్లంతా అన్నారు. నిజమే కావచ్చు. కానీ ఆ పొద్దున ఫోన్ పెట్టేశాక నేను ఆ దూలాల మీదే కూర్చుండిపోయాను. లారీ డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు.

మర్నాడు పేపర్లో ఒక మూలన "మాజీ ఎమ్మెల్యే కన్నుమూత" అని నాలుగు వాక్యాలు వచ్చాయి. ఒక దఫా శాసనసభ్యులుగా ఉన్నారని, మున్సిఫ్ కోర్టులో చాలాకాలం ప్లీడరుగా పనిచేశారని రాశారు. అన్నీ నిజాలే. మధ్యలో తొమ్మిదేళ్లు ఆయన ఏమయ్యారో మాత్రం అందులో లేదు. ఆ తొమ్మిదేళ్లు ఆయన ఖతర్‌లో, రేకుల గదుల్లో, మాతో ఉన్నారు. నాకు బాగా తెలిసింది ఆ భాగమే. చదివేవాళ్లకు అది కూడా తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మాది కరీంనగర్ జిల్లాలో పడమటి వైపు ఒక పల్లె. పక్కనే ఉన్న చిన్న పట్నంలో ఆయన ప్లీడరు. గట్టు తగాదాలు, సైకిలు దొంగతనాలు, అన్నదమ్ముల పంపకాలు, ఇవే ఆయన కేసులు. ఎమ్మెల్యే ఎలా అయ్యారో క్యాంప్‌లో ఆయనే చెప్పి నవ్వించేవారు. పార్టీలో ఇద్దరు పెద్దమనుషులు టికెట్ కోసం కొట్లాడుకుని, చివరికి ఎవరికీ భయం లేని మనిషిని నిలబెడదామని ఒప్పుకున్నారట.

"ఇద్దరికీ నా మీద గౌరవం లేకుండె. అందుకే నాకిచ్చిండ్రు. అయిదేండ్లల్ల అసెంబ్లీల పదకొండుసార్లు లేచిన. తొమ్మిదిసార్లు కూసోమన్నరు. మిగిలిన రెండుసార్లు మన వాగు మీద కల్వర్టు అడిగిన."

ఆ కల్వర్టు ఆయన ఓడిపోయిన మరుసటేడు వచ్చింది. దాని శిలాఫలకం మీద ఆయన పేరు లేదు. ఆ సంగతి మేమెవరమైనా ఎత్తితే, "బండ్లు దిగబడకుంట పోతున్నయి గదా" అని మాట మార్చేవారు.

ఆయన ఎమ్మెల్యేగా ఉన్న చివరి ఏడాది సంగతి ఇది. గల్ఫ్‌లో చమురు ధర పెరిగి, రోడ్లు, రేవులు, మేడలు అన్నీ ఒకేసారి మొదలైన కాలం. దేశం ఏదైనా మా ఊళ్లలో అందరూ దానిని దుబాయ్ అనే అనేవారు. బొంబాయి ఏజెంటు ఒకడు మా పట్నంలో లాడ్జిలో దిగి మనుషుల్ని పోగు చేస్తున్నాడు. పాస్‌పోర్టు తొందరగా రావాలంటే "ఈ మనిషి నాకు తెలుసు, నడవడిక మంచిది" అని ఎమ్మెల్యే రాసివ్వాలి. ఆయన పద్దెనిమిది మందికి రాసిచ్చారు. ఒక్కొక్కరినీ ఎదురుగా నిలబెట్టి నాలుగు మాటలు మాట్లాడాకే సంతకం పెట్టారు. ఆ పద్దెనిమిది మందిలో నేనొకణ్ని.

ఏజెంటు ఆ కాగితాలు పట్టుకుని ఊరూరూ తిరిగాడు. "ఎమ్మెల్యే సాబే జామీను ఉన్నడు, ఇంకేం భయం?" అన్నాడు. తోటపని అన్నాడు, చల్లటి గదులన్నాడు. మా నాయనకు చదువు రాదు. ఆ సంతకాన్ని వేలితో తడిమి చూసి నన్ను పంపాడు.

దోహాలో దిగితే ఎటు చూసినా తవ్వకాలే. ఇండస్ట్రియల్ ఏరియాలో రేకుల క్యాంప్, గదికి ఎనిమిది మంది. తెల్లవారకముందే కంపెనీ బస్సు హారన్, ఫోర్‌మన్ "యల్లా, యల్లా" అని తలుపుల మీద చరిచే చప్పుడు. తోట మాఫీ, చల్లటి గది మాఫీ. మాఫీ అంటే అక్కడి మాటలో లేదని. నాకు వడ్రంగం వచ్చు గనక షట్టరింగ్ పనిలో వేశారు. మిగతావాళ్లు పైపుల కోసం కాలువలు తవ్వారు. వారం తిరగకముందే ఏజెంటును తిట్టడం మొదలుపెట్టాం. ఏజెంటు తర్వాత ఎమ్మెల్యేనే తిట్టుకున్నాం.

ఏడాదిన్నర గడిచింది. ఒక శుక్రవారం, అంటే మాకు సెలవు రోజు, కొత్త బ్యాచ్ బస్సు దిగుతుంటే చూస్తూ నిలబడ్డాను. ఇరవై ఏళ్ల కుర్రాళ్ల మధ్య నుంచి ఒక నెరిసిన జుట్టు మనిషి దిగాడు. రేకు పెట్టె భుజాన పెట్టుకోబోయి, అలవాటు లేక తడబడ్డాడు. దగ్గరికి వెళ్లాక గుర్తుపట్టాను.

"సారూ, మీరు ఎమ్మెల్యే సారు గదా?"

"ఉంటి. ఓడిపోయిన. ఇప్పుడు ఈ కంపెనీల క్లర్కును" అన్నారు. నా ముఖంలోకి చూసి మా నాయన పేరు చెప్పి, "ఆయన కొడుకువు గదా?" అన్నారు.

"ఎందుకొచ్చిండ్రు సారూ ఈడికి?"

"నా దస్తకత్ మీద వచ్చినోళ్లు ఎట్లున్నరో చూద్దామని."

సంతకం కోసం ఇంత దూరం వచ్చారంటే నేను నమ్మలేదు. కేసులు తగ్గిపోయి బతకడానికి వచ్చి, పైకి ఇలా చెప్తున్నాడనుకున్నాను. గదిలో అందరిదీ అదే మాట. కొన్నాళ్లు ఆయనతో ముక్తసరిగానే ఉన్నాం. ఆయనేమీ అనుకున్నట్టు కనబడలేదు. మెస్‌లో పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడేవారు. ఎవరైనా ముందుకు రమ్మంటే, "వద్దు తమ్మీ, నువ్వు ఎండల పనిచేసి వచ్చినవ్, నేను ఫ్యాను కింద కూసొని వచ్చిన" అనేవారు.

వచ్చిన మొదటి వారంలోనే ఆయన మా పద్దెనిమిది పేర్లూ ఒక నోటుబుక్కులో రాసుకున్నారు. పదకొండు మందిమి మా క్యాంప్‌లోనే ఉన్నాం. నలుగురు అబూ హమూర్‌లో గోదాములు కట్టే దగ్గర ఉన్నారు. ఇద్దరు దుఖాన్ వైపు పైపులైను పనిలో ఉన్నారు. కంపెనీ బండ్లలో అడిగి ఎక్కి, అందర్నీ కళ్లారా చూసి వచ్చారు. మిగిలింది ఒక్కడు, లచ్చయ్య. నా గదిలోవాడే. అయిదు వారాలుగా కనబడటం లేదు.

"లచ్చయ్య పారిపోయిండు సారూ. కంపెనోళ్లు పోలీసులకు గూడ రాసిచ్చిండ్రు" అన్నాను.

"నువ్వు చూసినవా పారిపోంగ?"

"లేదు. అందరు అంటున్నరు."

"అందర్ల చూసినోడెవడు?"

గదిలో ఒక్కొక్కరినీ అడిగారు. చూసినవాడు లేడు. విన్నవాడే ప్రతివాడూ. ఆయన కోపగించుకోలేదు. "చూసింది వేరు తమ్మీ, అనుకున్నది వేరు. రెండూ ఒక్క నోట్లకెల్లే వస్తయి, అందుకే కలిసిపోతయి" అన్నారు. తర్వాత ఎన్నో ఏళ్లు ఈ మాట మాకు ఆయన నోట వినబడుతూనే ఉండేది.

ఆయన ఉద్యోగం ఆఫీసులో ఫైళ్లు సర్దడం. ఆ ఫైళ్లలోనే ఆయనకు ఒక కాగితం దొరికింది. ఒక ఆసుపత్రి నుంచి వచ్చింది. మీ కంపెనీ మనిషి యూసుఫ్ రేవు దగ్గర ప్రమాదంలో గాయపడి ఇక్కడ చేరాడని దాని సారాంశం. పాత క్లర్కు హాజరు పట్టీ చూసి, యూసుఫ్ రోజూ డ్యూటీకి వస్తున్నాడు గదా, ఇదేదో పొరపాటు అనుకుని ఫైలులో పడేశాడు. సారు ఆ కాగితం తేదీ చూశారు. లచ్చయ్య కనబడకుండా పోయిన రోజూ అదే.

యూసుఫ్ కూడా మా గదివాడే. నిజామాబాద్ వైపు నుంచి వచ్చాడు. మాతో తెలుగు, వాళ్లవాళ్లతో దక్కనీ మాట్లాడేవాడు. గదిలో అందరికంటే ఎక్కువగా నవ్వించేవాడు. ఆ అయిదు వారాలుగా నవ్వు మానేశాడని మాలో ఎవరమూ గమనించలేదు.

శుక్రవారం నమాజుకు వెళ్లి వచ్చాక సారు అతన్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. నేను అక్కడే ఉన్నాను. కాగితం చూపించలేదు. "యూసుఫ్, నువ్వు రేవుల పనికి పోయినవా ఎన్నడన్న?" అని మాత్రం అడిగారు. యూసుఫ్ నేల చూశాడు. తర్వాత రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చాడు.

జరిగింది ఇది. ఆ రోజు కంపెనీ యూసుఫ్‌ను ఒక్క రోజుకు వేరే కాంట్రాక్టరు దగ్గరికి, రేవు పనికి పంపుతోంది. ఫోటో లేకుండా పేరు మాత్రమే ఉన్న గేటు పాస్ ఒకటి చేతికిచ్చింది. అదే రోజు ఊరి నుంచి అతనికి ట్రంక్ కాల్ ఉంది. భార్యకు నెలలు నిండాయి. లచ్చయ్యకు ఆ రోజు పని లేదు. "నీ పాస్ ఇయ్యి, నేను పోత, నువ్వు ఫోన్ మాట్లాడుకో" అని లచ్చయ్యే అన్నాడు. సాయంత్రం లచ్చయ్య తిరిగి రాలేదు. మర్నాడు యూసుఫ్ రేవుకు పోయి అడిగితే, పైపు మీద పడి ఒకడికి తల పగిలిందని, బతికి ఉండడని చెప్పారు.

"నా పాస్ మీద సచ్చిపోయిండు సారూ. చెప్తె నన్ను జైల్ల ఏస్తరు. నా బిడ్డ మొఖం నేనింక సూడనే లేదు."

"సచ్చిపోంగ చూసినవా?" అన్నారు సారు.

యూసుఫ్ తల అడ్డంగా ఊపాడు.

"అయితే లే. పోదాం."

ముగ్గురం టాక్సీలో ఆసుపత్రికి వెళ్లాం. వార్డులో నర్సమ్మ మలయాళీ. యూసుఫ్ అనగానే ఆమె నిట్టూర్చి ఒక మంచం చూపించింది. కాలు సరిగా అతుక్కోక రెండుసార్లు ఆపరేషన్ చేశారట. "దెబ్బ తల మీద తగిలింది. ఏం మాట్లాడతాడో తెలీదు. ఉర్దూ వాళ్లను పిలిచి అడిగించాం. ఎవరికీ అర్థం కాలేదు. మతి చలించిందన్నారు. ఇప్పుడు మాట్లాడటమే మానేశాడు" అని హిందీలో చెప్పింది.

కాలికి కట్టు, తలకు కట్టు, గడ్డం పెరిగి గోడ వైపు తిరిగి ఉన్నాడు. నేను "లచ్చయ్యా" అనబోయాను. సారు నా చెయ్యి పట్టుకుని ఆపారు. కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చున్నారు. కోర్టులో బోనెక్కిన సాక్షిని అడిగినట్టు, కానీ చాలా మెల్లగా అడిగారు.

"నీ పేరు?"

మంచం మీద మనిషి కదిలాడు.

"నీ పేరేంది బిడ్డా?"

ఇటు తిరిగాడు. పెదవులు కదిలాయి గానీ శబ్దం రాలేదు.

"తండ్రి పేరు?"

"గంగయ్య" అన్నాడు. గొంతు గరగరలాడింది. మళ్లీ గట్టిగా, "గంగయ్య సారూ. నా పేరు లచ్చయ్య. నేను యూసుఫ్‌ను గాను. ఎంత చెప్పినా ఎవ్వలింటలేరు. నేను లచ్చయ్యను" అని అదే మాట పదే పదే అన్నాడు. లచ్చయ్యకు హిందీ ఒక్క ముక్క రాదు. పాస్ మీద పేరు చూసి అందరూ ఉర్దూలో అడిగారు. అతను తెలుగులో చెప్పిన నిజమే వాళ్లకు పిచ్చి మాటలుగా వినబడింది.

నర్సమ్మ ఏమంటున్నాడని అడిగింది. సారు ఇంగ్లీషులో చెప్పారు. ఆమె ఆ మంచానికి వేలాడుతున్న అట్ట తీసి, పేరు వైపు కాసేపు చూస్తూ నిలబడింది. యూసుఫ్ మంచం కోడు పట్టుకుని నేల మీద కూలబడి ఉన్నాడు. లచ్చయ్య అతన్ని చూసి అడిగిన మొదటి మాట, "ఏం పుట్టింది, కొడుకా బిడ్డా?"

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది.

లచ్చయ్యను లచ్చయ్య అని నిరూపించాలంటే పాస్ మార్చుకున్న సంగతి రాతపూర్వకంగా చెప్పాలి. చెప్తే యూసుఫ్ ఉద్యోగం పోతుంది. ఆ వారం గదిలో అందరం సారు చుట్టూ చేరాం. "పాస్ యాడనో పడిపోయింది, లచ్చయ్యకు దొరికింది అని రాయుండ్రి సారూ. ఎవలికేం నష్టం?" అని నేనే అన్నాను.

"నష్టమున్నది. ఆ అబద్ధం యూసుఫ్‌ను కాపాడుతది, లచ్చయ్య మీద పడతది. ఇంకొకని పాస్ దొంగతనంగ వాడుకున్నోడైతడు. మంచం మీద ఉన్నోడు జవాబు చెప్పుకోలేడని వాని మీద ఎయ్యమంటవా?"

"గంత కరాఖండిగ ఉంటె ఎట్ల సారూ? చంటిపిల్ల తండ్రి."

దానికి జవాబు చెప్పింది యూసుఫే. "ఉన్నదున్నట్లు రాయుండ్రి సారూ. అయిదు వారాలు అబద్ధం మోసిన. ఇగ నాతోని గాదు."

సారు టైపు చేశారు. చివర ఒక పేరా తన గురించి కలిపారు. ఈ ఇద్దరిలో ఒకరి నడవడికకు నేను ఒకప్పుడు హామీ ఇచ్చాను, ఆ హామీ మీద ఇప్పటికీ నిలబడుతున్నాను, యూసుఫ్ స్వయంగా నిజం చెప్పాడు గనక దయ చూపమని అడుగుతున్నాను అని. లెబనాన్ దేశస్థుడైన మా కంపెనీ మేనేజరు అంతా చదివాడు. పారిపోయినట్టు పెట్టిన ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. లచ్చయ్యను కాలు నయమయ్యేదాకా చూసుకుని ఇంటికి పంపడానికి ఒప్పుకున్నాడు. యూసుఫ్‌ను మాత్రం వారం లోపల విమానం ఎక్కించాడు.

నేను నెల రోజులు సారుతో మాట్లాడలేదు. ఎదురుపడితే తల తిప్పుకునేవాణ్ని. ఒక మధ్యాహ్నం అల్ ఘర్రాఫాలో మేం కడుతున్న విల్లాల దగ్గరికి ఆయన ఆఫీసు పని మీద వచ్చారు. నేను ఒక తలుపుకు చిత్రిక పడుతున్నాను. వచ్చి చెక్కపొట్టులోనే కూర్చున్నారు.

"నేను రాసింది తప్పు కాదు తమ్మీ. గాని కాయితం ఇచ్చేముందు మేనేజరు దగ్గరికి పోయి కూసొని మాట్లాడవలసి ఉండె. ఇంట్ల ముచ్చట లెక్క చెప్పవలసి ఉండె. కోర్టు అలవాటు. ముందుగాల కాయితమే యాదికొస్తది. అది నా తప్పే."

తప్పు ఒప్పుకోవడానికి పొద్దున్నించి మూడు బండ్లు మారి వచ్చారని తర్వాత తెలిసింది. ఆఫీసు పని ఏమీ లేదట.

యూసుఫ్‌కు ఆయన నెలకొక ఉత్తరం రాశారు. మొదటి రెండేళ్లు జవాబు రాలేదు. రాయడం మానలేదు. మూడో ఏడు ఒక ఫోటో వచ్చింది, పావడా వేసుకున్న చిన్న పిల్లది. వెనక తెలుగులో "సారుకు సలాం" అని రాసి ఉంది. సారు ఆ ఫోటో పట్టుకుని గదిగదికీ తిరిగి చూపించారు. ఆ తర్వాత సంగతి మీకు తెలిసిపోయే ఉంటుంది. సారు ఊరికి తిరిగివచ్చి మళ్లీ నల్లకోటు వేసుకున్నప్పుడు గుమాస్తాగా చేరింది యూసుఫే. చివరిరోజు పేపర్ తెచ్చింది కూడా అతనే.

ఆయన రోజువారీ అలవాట్లు కొన్ని చెప్పాలి. శుక్రవారం తెల్ల చొక్కా వేసుకునేవారు. ఇస్త్రీ పెట్టె ఉండేది కాదు. గిన్నెలో మరిగే నీళ్లు పోసి, దాని అడుగుతో చొక్కా రుద్దేవారు. కాలర్ ఎప్పుడూ సరిగా వచ్చేది కాదు. పాలు లేని సులేమానీ చాయ్ చక్కెర కూడా వేసుకోకుండా తాగేవారు. నారింజ పండు దొరికితే తొనలు లెక్కగా విడదీసి గదిలో అందరికీ పెట్టేవారు. ఇంటి నుంచి పచ్చళ్ల చుట్టూ చుట్టి వచ్చిన తెలుగు పేపర్ల నూనె మరకలు తుడిచి, ఎన్ని నెలల పాతదైనా మొదటి నుంచి చివరి దాకా చదివేవారు. ఎవరైనా గొడవపడి ఆయన దగ్గరికి వస్తే, ముందు అవతలివాడు ఏమంటాడో నువ్వే చెప్పు అనేవారు. సగం గొడవలు అక్కడే ఆగిపోయేవి.

శుక్రవారం మధ్యాహ్నాలు మెస్ హాల్లో వేలిముద్రల వాళ్లకు సంతకం నేర్పేవారు. తెలుగు వాళ్లే కాదు, బిహారు వాళ్లు, నేపాల్ వాళ్లు కూడా వచ్చి కూర్చునేవారు. యాభై ఏళ్ల తాపీమేస్త్రి ఒకాయన, "ఇప్పుడు నాకెందుకు సారూ, ఏలిముద్ర సాలదా?" అంటే, "వేలిముద్ర నీ వేలిది. సంతకం నీది" అన్నారు. అయితే ఒక్క షరతు పెట్టేవారు. ఏం రాసి ఉందో ఎవరితోనైనా చదివించుకోనిదే పెట్టకూడదు. ఈ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆయన ఎవరి ముఖంలోకీ చూసేవారు కాదు.

ఏళ్లు గడిచాయి. మా పద్దెనిమిది మందీ ఒక్కొక్కరే ఇంటిదారి పట్టారు. ఎవరు వెళ్తున్నా సారు వాళ్ల సంచి తన చేత్తో మోసుకుని బస్సుదాకా వచ్చేవారు. తర్వాత గదికి వచ్చి నోటుబుక్కు తీసి ఒక పేరు పక్కన గీత పెట్టేవారు. ఆరో ఏటికి నేనొక్కణ్నే మిగిలాను. అప్పటికి వడ్రంగి షెడ్డుకు ఫోర్‌మన్ అయ్యాను. నా కింద ఇరవై మంది. ఊళ్లో ఎవరికీ తెలియని దర్జా అది.

"ఎప్పుడు పోతవ్ తమ్మీ?" అని ఏటా అడిగేవారు.

"ఇంకొక్క కాంట్రాక్ట్ సారూ."

"మంచిది" అనేవారు. అలా మూడేళ్లు గడిపాను. ఆయనా ప్రతి ఏడూ తన కాంట్రాక్టు పొడిగించుకున్నారు. ఆయనకూ ఇక్కడ బాగుందేమో అనుకున్నాను. చివరికి మా అమ్మకు బాగాలేదని ఉత్తరం వచ్చి నేను రాజీనామా ఇస్తే, అదే వారం ఆయనా ఇచ్చారు. ఒకే విమానంలో బొంబాయి వచ్చాం, ఒకే రైలెక్కి, అది దిగాక ఒకే బస్సెక్కాం. ఆయన పట్నం ముందు వస్తుంది, మా ఊరు తర్వాత. ఆయన అక్కడ దిగలేదు. "నిన్ను దింపి పోత" అన్నారు. మర్యాదకు అంటున్నారనుకున్నాను.

మా వాకిట్లో మా నాయన నిలబడి ఉన్నాడు. సారు నా భుజం మీద చెయ్యి వేసి ఒక అడుగు ముందుకు తోశారు. "ఇగో, నీ కొడుకు. చూసుకో" అన్నారు. మా నాయన నన్ను దాటి సారు దగ్గరికి వెళ్లాడు. ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్లకు అద్దుకున్నాడు. నాకు ఏమీ అర్థం కాలేదు.

అర్థమైంది పది రోజుల తర్వాత, అమ్మ కోలుకున్నాక వాళ్లింటికి వెళ్లినప్పుడు. సారు కోర్టుకు పోయారు. ఆయన భార్య ఆడపిల్లల బడిలో టీచరు. తొమ్మిదేళ్లు ఒక్కతే కూతుర్ని చదివించి, పెళ్లి చేసింది. ఆమెను అందరూ టీచరమ్మ అనేవారు. చాయ్ ఇస్తూ ఆమె అడిగింది.

"దుబాయ్ పోయిన కొత్తల నువ్వు మీ నాయనకు రాసిన ఉత్తరం యాదికున్నదా?"

యాదికుంది. ఎండకు అరచేతులు బొబ్బలెక్కిన రోజున రాశాను. 'ఆ ఎమ్మెల్యే సంతకం పెట్టబట్టే మేమిట్ల అయినం, వాడు బాగుపడడు' అని రాశాను.

"మీ నాయనకు సదువు రాదు గదా. చదివించుకుందామని ఈయన దగ్గరికే తెచ్చిండు. ఇగో, ఈ కుర్చీలనే కూసొని చదివిండు. ఒక్క మాట ఇడవకుంట చదివిండు. తిట్టింది గూడ చదివిండు. మీ నాయన లేచి, 'పంపింది నువ్వే, తెచ్చేది గూడ నువ్వే' అని ఎల్లిపోయిండు. ఆ రోజు అన్నం తినలే. తెల్లారి నాతోని, పోయి అందర్ని ఇంటికి తోలుకొస్త అన్నడు. పొమ్మన్న. రెండేండ్లల్ల వస్తడనుకున్న." ఆమె నవ్వింది. "చివరి మూడేండ్లు నీ ఒక్కని కోసమే ఉన్నడు బిడ్డా. చెప్తె నువ్వు ఇష్టం లేకున్నా వస్తవని చెప్పలే."

ఆమె నిష్ఠూరంగా అనలేదు. అది నాకు ఇంకా కష్టమైంది. ఆ మూడేళ్లూ నేను ఫోర్‌మన్ దర్జా అనుభవించాను. ఆయన కూతురి పెళ్లికి సెలవు పెట్టి వచ్చి నాలుగు రోజులు మాత్రమే ఉండి తిరిగి వచ్చారు. ఆ సంగతి అప్పుడు నాకు తెలుసు. ఎందుకంత తొందరగా వచ్చారని అడగాలని కూడా తోచలేదు.

సాయంత్రం సారు కోర్టు నుంచి వచ్చేదాకా ఆగాను. ఆయన నా ముఖం చూసి, తర్వాత టీచరమ్మ ముఖం చూసి గ్రహించినట్టున్నారు. నల్లకోటు విప్పి కొక్కేనికి తగిలిస్తూ, "నీ ఉత్తరంల అక్షరదోషాలు శానా ఉండె తమ్మీ" అన్నారు. అంతే. తర్వాత ముప్పై అయిదేళ్లలో ఆ ప్రస్తావన మళ్లీ ఎప్పుడూ తేలేదు.

మొన్న దహనానికి వెళ్లినప్పుడు పద్దెనిమిది మందిలో మిగిలిన ఏడుగురం కలిశాం. లచ్చయ్య లేడు, నాలుగేళ్ల కింద పోయాడు. అతని మనవడు వచ్చాడు. ఎవరెవరో వచ్చి సారు గురించి మంచి మాటలు మాట్లాడారు. నన్నూ మాట్లాడమన్నారు. లేచి నిలబడి, దండం పెట్టి కూర్చున్నాను. ఆ క్షణంలో నా కళ్లముందు ఆడిందల్లా నన్ను ఇంటికి దింపిన రోజున ఆయన వెళ్లిపోయిన తీరే.

ఆ రోజు మా ఇంట్లో కూర్చోమంటే కూర్చోలేదు. మంచినీళ్లు మాత్రం తాగి బయల్దేరారు. బస్సు పోయింది, మళ్లీ సాయంత్రమే. పాల కేంద్రం మనిషి ఖాళీ క్యాన్లు కట్టుకుని సైకిలు మీద పట్నం వైపు పోతున్నాడు. సారు చెయ్యెత్తి ఆపి ఏదో అడిగారు. అతను ఒక క్యాను ముందుకు మార్చి వెనక చోటు చేశాడు. తొమ్మిదేళ్లలో నాలుగు రోజులు మాత్రమే ఇల్లు చూసిన మనిషి, ఒకప్పటి ఎమ్మెల్యే, క్యారియర్ మీద ఒక పక్కకు కూర్చుని, బూట్లు నేలకు తగలకుండా కాళ్లు ఎత్తిపెట్టుకున్నారు. సైకిలు కొంచెం వంకరగా ఊగి, తర్వాత నిలదొక్కుకుంది. క్యాన్లు గలగలమన్నాయి. మొక్కజొన్న చేల మధ్య మట్టిరోడ్డు మీద, ఆయన పాలమనిషి వీపు వైపు వంగి ఏదో అడుగుతున్నారు. అతను తల తిప్పి జవాబు చెప్తున్నాడు. మలుపు తిరిగేదాకా ఆ ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు.